కోటిలో మూడు పాళ్లు

తెల్లవారుజామున మూడున్నర. ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు మూసీ ఒడ్డున ఇంకా చీకటే. నది మీద తెల్లటి నురగ కదులుతోంది. ఒడ్డు పక్క మడిలో ఒకామె వంగి, సెల్‌ఫోన్ లైటు గట్టు మీద ఆనించి, కొడవలితో పాలకూర కోస్తోంది. పిడికెడు పిడికెడు చొప్పున గడ్డి పరకతో కట్టలు కడుతోంది. కట్టలన్నీ గంపకెత్తి కాలువలో ముంచి తీయగానే మట్టి వదిలి ఆకు నిగనిగలాడింది.

"జల్ది కానియ్, ఆటో ఒస్తది" అన్నాడు పెనిమిటి.

ఆమె ఒక చేత్తో గంప పట్టుకుని రెండో చేత్తో మడమ గోక్కుంది. ఈ నీళ్లలో నిలబడినన్నాళ్లూ ఆ దురద ఉంటుంది.

ఈ గాథలో మనుషులకు పేర్లు పెట్టలేదు. ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. మూసీ ఒడ్డు మడుల్లో, ఉప్పల్ బండ్ల మీద, నాచారం వంటిళ్లలో జరుగుతున్నదాన్ని ఒక్క రోజుగా కూర్చి చెబుతున్నాను. పరిశోధనలు, చట్టాలు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నగరం మధ్యగా పారి, అంబర్‌పేట, నాగోల్, ఉప్పల్ పక్కనుంచి తూర్పుకు సాగుతుంది. ఎండాకాలంలో ఇక్కడ పారేదంతా దాదాపు నగరం వదిలిన నీరే. ఆ నీటిని కత్వల దగ్గర నిలిపి కాలువల్లోకి మళ్లిస్తారు. ఒకప్పుడు ఈ ఆయకట్టంతా వరి. మురుగు ముదిరేకొద్దీ కంకి తాలుపోవడం మొదలైంది. రైతులు గడ్డికి, ఆకుకూరలకు మళ్లారు. గడ్డి పాడి బర్రెలకు పోతుంది, ఆకుకూర మన ఇళ్లకు వస్తుంది. ఏడాది పొడుగునా నీరు, నెల తిరక్కముందే కోత. రెండెకరాలు కూడా లేని మనిషికి ఇంతకన్నా ఆసరా ఏముంది? అందుకే ముందే చెబుతున్నాను, ఈ కథలో నేరస్తురాలు ఆ గట్టు మీది ఆడమనిషి కాదు. ఆ నీళ్లలో అందరికంటే ముందు మునుగుతున్నవి ఆమె కాళ్లే.

ఆరున్నరకు ట్రాలీ ఆటో ఉప్పల్‌లో దించింది. ఏడింటికల్లా కట్టలు బండి మీద ఉన్నాయి. నాచారం నుంచి వచ్చిన ఒక తల్లి ఆగింది.

"పాలకూర ఎట్ల అక్కా?"

"ఇరవైకి నాలుగు కట్టలు. ఇప్పుడే దిగింది, సూడు ఎంత తాజాగున్నదో."

"ఏడ పండించిన్రు?"

"ఏమో బిడ్డా. ఆటోల ఒచ్చింది."

బండి ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు నిజంగానే తెలియదు. బిస్కెట్ పొట్లం మీద ఫ్యాక్టరీ చిరునామా, బ్యాచ్ నంబరు ఉంటాయి. పాలకూర కట్టకు గడ్డి పరక తప్ప ఏమీ ఉండదు.

2008లో 'ఎకోటాక్సికాలజీ అండ్ ఎన్విరాన్‌మెంటల్ సేఫ్టీ' అనే పరిశోధన పత్రికలో హైదరాబాద్ మురుగునీటి సాగు మీద ఒక అధ్యయనం వచ్చింది. మట్టి, పశుగ్రాసం, ఆ గ్రాసం మేసిన పశువుల పాలు, ఆకుకూరలు, ఇతర కూరగాయలు అన్నిట్లో జింకు, క్రోమియం, రాగి, నికెల్, కోబాల్ట్, సీసం ఎంతెంత ఉన్నాయో పరీక్షించారు. ఆరోగ్యానికి ముప్పు లెక్కగట్టినప్పుడు జింకు ముందుంది, తర్వాత క్రోమియం, సీసం. అది కూడా ఆకుకూరల్లో, ముఖ్యంగా పాలకూర, తోటకూరల్లో. మట్టిలోని లోహాల్లో కొంత వేరు పీల్చుకోవడానికి వీలుగా, వదులుగా ఉందని కూడా తేల్చారు. అది చదివాక తాజాగా నిగనిగలాడే ఆకును చూసి మురిసిపోవడం నా వల్ల కాలేదు.

ఈ లోహాలు మూసీలో పుట్టినవి కావు. పూత వేసే షెడ్లు, పాత బ్యాటరీలు పగలగొట్టే చోట్లు, రంగులు, రసాయనాలు వాడే చిన్నాపెద్దా కార్ఖానాలు... వాటి నీళ్లు సరిగ్గా శుద్ధి కాకుండా నాలాలో పడితే నాలా తెచ్చి నదిలో కలుపుతుంది. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల శుద్ధి కేంద్రం ఉంది, నాగోల్‌లో 172 మిలియన్ లీటర్లది. అయితే ఇలాంటి కేంద్రాలు ప్రధానంగా మలినాన్ని కుళ్లబెట్టి తీసేయడానికి కట్టినవి. సీసం కుళ్లదు, కాడ్మియం అనే మరో లోహమూ కుళ్లదు. కొంత బురదలోకి దిగుతుంది, కొంత నీటితోనే సాగిపోతుంది. లోహాన్ని ఆపాల్సిన చోటు కార్ఖానా గేటు లోపలే.

నాచారం వంటింట్లో ఆ తల్లి మూడు నీళ్లలో పాలకూర కడిగింది. ఏడేళ్ల కొడుక్కి రక్తం తక్కువగా ఉందని డాక్టరు టానిక్ రాసి, ఆకుకూర బాగా పెట్టమన్నాడు. కందిపప్పు ఉడుకుతోంది, చింతపండు నానుతోంది, వెల్లుల్లి దంచి ఉంది. కడగడం వల్ల ఆకుకు అంటిన మట్టి, దుమ్ము, వాటితోపాటు కొంత లోహం పోతాయి. వేరు తాగి ఆకులోకి ఎక్కించుకున్నది మాత్రం ఎన్ని నీళ్లు పోసినా పోదు. మరిగిస్తే క్రిములు చస్తాయి, సీసం చావదు.

ఇక్కడే నన్ను బాగా కలవరపెట్టే సంగతి ఉంది. సీసం ఒంట్లోకి దిగాక కాల్షియం వేషం వేస్తుంది. శరీరం దాన్ని కాల్షియమే అనుకుని ఎముకలో దాచుకుంటుంది, అక్కడ దశాబ్దాలు ఉండిపోతుంది. పెద్దవాళ్లు తిన్న సీసంలో పదోవంతు దాకా ఒంటికి పడితే, చిన్నపిల్లలకు సగం దాకా పట్టవచ్చు. ఇనుము తక్కువైన పిల్లల్లో పేగు సీసాన్ని మరింత ఎక్కువగా లాక్కుంటుంది. అంటే రక్తం తక్కువున్న పిల్లాడికే ప్రమాదం ఎక్కువ. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. సీసం ఇంత ఉన్నా ఫరవాలేదు అని చెప్పగల హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అది ముందుగా దెబ్బతీసేది పిల్లల చదువును, ఏకాగ్రతను. జ్వరం రాదు, వాంతి కాదు. "వీడికి బుద్ధి నిలవదు" అని బడిలో ఒక మాట పడుతుంది, అంతే. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఎముక కరిగి కాల్షియంతోపాటు అందులోని పాత సీసం కూడా బిడ్డకు చేరుతుంది.

కాడ్మియం దారి మూత్రపిండాలకు. జపాన్‌లో తొయామా ప్రాంతపు జింజు నదిలోకి ఎగువ గని వదిలిన కాడ్మియం వరి మళ్లలో చేరింది. ఏళ్ల తరబడి ఆ అన్నం తిన్న స్త్రీల ఎముకలు చిన్న కదలికకే విరిగిపోయాయి. 1968లో గానీ ఆ దేశ ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకోలేదు.

ఒక పూట పాలకూర పప్పుతో ఎవరికీ ఏమీ కాదు. భయపడి ఆకుకూర మానేస్తే పిల్లలకు నష్టమే ఎక్కువ. ప్రమాదమల్లా ఒకే చోటి కూర, రోజూ, ఏళ్ల తరబడి తినడంలో ఉంది. కొనే చోట్లు మార్చడం, ఆకుకూరలు మార్చి మార్చి వండటం, పాలు, పెరుగు, ఉసిరి, నిమ్మ పిల్లల కంచంలో ఉండేలా చూడటం ఇంట్లో చేయగలిగినవి. కానీ ఒక తల్లి మోయగలిగిన బరువుకు హద్దుంది. మిగతాది మోయాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

ఆ వంటింటికి దూరం కాని చోటే, నాచారంలోనే, రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఉంది. ఉప్పల్ రోడ్డు మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. లోహాన్ని కొలిచే విద్యలో ఇంత చదువు ఒక్కచోట పోగైన ఊళ్లు దేశంలో తక్కువ. పరీక్ష ఎలా జరుగుతుందంటే, ఆకును కడిగి, ఆరబెట్టి, పొడి చేసి, తూచి, నైట్రిక్ ఆమ్లంలో వేసి వేడి చేస్తారు. పచ్చటి ఆకు కాస్తా కరిగి తేటనీరులా మారుతుంది. ఆ నీటిని యంత్రంలో ఆర్గాన్ ప్లాస్మాలోకి చిమ్మితే ఏ లోహం ఎంతుందో అంకె వస్తుంది. చాలా ఆకుకూరల్లో సీసానికి హద్దు కిలోకు 0.3 మిల్లీగ్రాములు. కోటిలో మూడు పాళ్లు. కాడ్మియానికి 0.2. కంటికి, నాలుకకు, ముక్కుకు అందని కొలత అది. యంత్రానికి మాత్రం అందుతుంది. యంత్రం దాకా కట్టను ఎవరో ఒకరు తీసుకెళ్లాలి.

2015లో మ్యాగీ నూడుల్స్ గొడవ గుర్తుంది కదా. సీసం హద్దు 2.5 పీపీఎం (కిలోకు అన్ని మిల్లీగ్రాములు) అయితే కోల్‌కతా ప్రయోగశాల 17.2 ఉందని చెప్పింది. జూన్ 5న దేశమంతటా అమ్మకాలు ఆపించారు. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, మూడు ప్రయోగశాలల్లో మళ్లీ పరీక్షించమంది. అందులో ఒకటి మన హైదరాబాద్‌దే. నమూనాలన్నీ హద్దులోపలే ఉన్నాయని తేలింది. ఒక్క పొట్లం కోసం దేశం అంత కదిలింది, అది న్యాయమే. రోజూ కంచంలోకి వచ్చే పాలకూర కోసం అందులో వందో వంతైనా కదలాలి కదా?

చట్టం అడ్డురాదు. 2006 ఆహార భద్రత చట్టం రైతును, సాగును తన పరిధి నుంచి తప్పించింది. కానీ కట్ట రైతు చేయి దాటి వ్యాపారి చేతిలో పడ్డ క్షణం నుంచి అది చట్టం దృష్టిలో ఆహారమే. అధికారి నమూనా తీసి నాలుగు భాగాలు చేయవచ్చు, ఒక భాగం అందిన 14 రోజుల్లో ఆహార విశ్లేషకుడు నివేదిక ఇవ్వాలి. ఉప్పల్, నాచారం, పీర్జాదిగూడ బండ్ల మీది పాలకూర, తోటకూర నెలనెలా పరీక్షించి ఫలితాలు తెలుగులో, వార్డు ఆఫీసు గోడ మీద పెట్టాలి. లోహం దొరికితే చిన్న రైతు మడి మీద పడకుండా, నాలా వెంట వెనక్కి నడిచి ఏ గేటు దగ్గర మొదలైందో పట్టుకోవాలి. ఆ రైతుకు మరో నీరో, మరో పంటో చూపించాలి.

అంతదాకా మనం ఊరికే ఉండనక్కర్లేదు. అదే చట్టంలోని 40వ సెక్షన్ కొన్న ప్రతి మనిషికీ ఒక హక్కు ఇచ్చింది. కొనేటప్పుడే అమ్మేవారికి పరీక్ష చేయిస్తానని చెప్పి, రుసుము కట్టి, ఆహార విశ్లేషకుడి దగ్గర పరీక్ష చేయించి నివేదిక తీసుకోవచ్చు. తప్పు తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. ఒక్క ఇంటికి అది బరువే, కాలనీ సంఘానికి కాదు. ఉప్పల్, నాచారం కాలనీ పెద్దలారా, వచ్చే సమావేశంలో ఈ ఒక్క అంశం పెట్టండి. చందా వేసుకుని నాలుగు రకాల ఆకుకూరలు పరీక్షకు పంపండి. వచ్చిన కాగితాన్ని అందరికీ చూపించండి.