శాఖల మధ్య తలుపులు

ఎన్నూరులో మా ఇంటికి కూతవేటు దూరంలో బకింగ్‌హాం కాలువ ఉంది. పారుతోంది అనడానికి నోరు రాదు గనక ఉంది అంటున్నాను. మదరాసు నుంచి ఎన్నూరు దాకా దీన్ని 1806లో తవ్వారు. తరవాత పులికాట్ సరస్సును కలుపుకొని నెల్లూరు మీదుగా పెదగంజాం వరకు పొడిగించారు. శ్రీహరికోట అడవిలో కొట్టిన కట్టెలు పడవల మీద ఈ దారినే వచ్చి మదరాసు పొయ్యిల్లో మండేవి.

పోయిన ఏడాది ఈ కాలువ గట్టు మీదే తెలుగు ఎం.ఏ. విద్యార్థి ఒకడు నన్ను ఆపి అడిగాడు. "సార్, మా స్నేహితుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కాలేజీలోనే కంపెనీ పెడతానంటున్నాడు. నన్నూ రమ్మంటున్నాడు. తెలుగు చదివినవాణ్ణి, నాకు అక్కడేం పని?" ఆ కుర్రవాడి తాత నెల్లూరు వైపు నుంచి వచ్చినవాడు, తండ్రి ఇక్కడి లారీల కర్మాగారంలో పనిచేశాడు. గట్టు మీద నిలబడి చెప్పగలిగినంత చెప్పాను. అక్కడ మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

మన నగరంలో ఈ కథ 1812లో మొదలవుతుంది. ఆ సంవత్సరం సెయింట్ జార్జి కోట కాలేజీ ఏర్పడింది. ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్పడం దాని పని. దాన్ని నిలబెట్టిన ఎల్లిస్ మదరాసు కలెక్టరు. కాలేజీలో తెలుగు, సంస్కృతం చెప్పేవారి పెద్ద పట్టాభిరామశాస్త్రి. ఇంగ్లీషు నేర్పే బాధ్యత శంకరయ్యది. ఒకరు పన్నులూ భూములూ తెలిసినవారు, ఒకరు వ్యాకరణం తెలిసినవారు, ఒకరు రెండు లోకాల మాటా తెలిసినవారు. ఇవాళ మనం విశ్వవిద్యాలయాల్లో "అంతర్విషయ పరిశోధన" అని బరువైన పేరుతో పిలిచేది వీళ్ళు ఏ పేరూ పెట్టకుండానే చేశారు.

దాని ఫలితం చిన్నది కాదు. పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికను ముందుంచుకొని, తమిళ కన్నడ ధాతువులతో పోల్చి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదని ఎల్లిస్ నిరూపించాడు. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన ఒక టిప్పణిలో అది అచ్చయింది. కాల్డ్వెల్ గ్రంథం రావడానికి ఇంకా నలభై ఏళ్ళుంది. భాషాశాస్త్రం చదివేవాళ్ళు ఈ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాసుకోవాలి.

ఇక్కడ ఒక మాట. ఆ గ్రంథం ముఖపత్రం మీద కాంబెల్ పేరుంది, టిప్పణికి ఎల్లిస్ పేరుంది. ధాతువులు ఏరినవారి పేరు వెతుక్కుంటేగాని కనబడదు. కలిసి చేసిన పనిలో ఎవరి వాటా ఎక్కడ రాస్తారన్న ప్రశ్న ఆనాడే పుట్టింది. అది ఇంకా తీరలేదు.

ఆ కాలేజీలో 1817లో చేరిన విద్యార్థి సి.పి. బ్రౌన్. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. చదువు ముగించుకొని 1820లో కడపకు ఉద్యోగం మీద వెళ్ళి, తరవాత అతను చేసిన పనిని ఇవాళ్టి మాటలో చెప్పాలంటే ఒక సంస్థను స్థాపించడమే. సొంత జీతం లోంచి పండితులకూ లేఖకులకూ నెలనెలా ఇచ్చి, తాళపత్రాలు సేకరించి, ప్రతికి ప్రతి పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాల సంపుటం, 1852లో నిఘంటువు ఆ కృషి లోంచే వచ్చాయి. లాభం మాత్రం లేదు. మిగిలినవి అప్పులు. కాలేజీ గదిలో నేర్చినదాన్ని గది బయట కార్ఖానాగా నడపవచ్చునని చూపిన మొదటి విద్యార్థుల్లో అతణ్ణి లెక్కపెడతాను.

తరవాత విశ్వవిద్యాలయాలు వచ్చాయి, శాఖలు వచ్చాయి, శాఖల మధ్య గోడలూ వచ్చాయి. ఆ గోడల మీద నాకున్న కోపానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట ఒక విద్యాసంస్థలో కంప్యూటరు విద్యార్థులకూ భాషా విద్యార్థులకూ కలిపి ఒక కోర్సు నడుపుదామని ప్రతిపాదించాను. ఎవరూ కాదనలేదు. పాఠం చెప్పే గంటలు ఏ శాఖ లెక్కలో రాయాలన్నది తేలక ఫైలు ఆగింది. నాకు తెలిసినంతవరకు ఇంకా ఆగే ఉంది.

గోడలో తలుపు పెట్టినవాళ్ళు ఇదే నగరంలో, ఎన్నూరుకు దక్షిణాన గిండీ అడవి పక్కన ఉన్నారు. 1959లో మొదలైన మదరాసు ఐ.ఐ.టి.లో ఎలక్ట్రికల్ శాఖ నుంచి అశోక్ ఝున్‌ఝున్‌వాలా, భాస్కర్ రామమూర్తి, కంప్యూటర్ శాఖ నుంచి తిమోతి గొన్సాల్వెస్ వంటివారు కలిసి టెనెట్ అనే బృందంగా ఏర్పడ్డారు. ముందు బృందం కట్టి పని వెతుక్కోలేదు, ప్రశ్నే వాళ్ళను కలిపింది. ఆ రోజుల్లో ఒక టెలిఫోను లైను వేయడానికి అయ్యే ఖర్చు సామాన్యుడు మోయగలిగింది కాదు. దాన్ని నాలుగో వంతుకు దించడం ఎలా? తీగ బదులు రేడియో తరంగాలు వాడే కార్‌డెక్ట్ అనే విధానం అందులోంచి 1990లలో పుట్టింది. దాన్ని సరుకుగా మార్చిన మైడాస్ సంస్థను పెట్టినవారు అక్కడే చదువుకున్న పూర్వ విద్యార్థులు.

ఆ తరవాతి మెట్టు నాకు ఇంకా ఆసక్తికరం. 2001 ప్రాంతంలో ఎన్-లాగ్ సంస్థ పల్లెల్లో ఇంటర్నెట్ కేంద్రాలు పెట్టించసాగింది. లైను పల్లెకు చేరిందిగాని తెర మీద ఉన్నది ఇంగ్లీషు. అప్పుడు ఆ బృందానికే చెందిన చెన్నై కవిగళ్ సంస్థ తమిళంలో పనిచేసే ఆఫీసు సాఫ్ట్‌వేరు తయారుచేయవలసి వచ్చింది. అంటే ఇంజనీర్లు చివరి మెట్టు మీద భాషను కలుసుకున్నారు. మొదటి మెట్టు మీదే కలుసుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడం నా పని కాదు. సెల్‌ఫోను వచ్చి కార్‌డెక్ట్‌ను వెనక్కి నెట్టింది, పల్లె కేంద్రాలూ ఎక్కువ కాలం నిలవలేదు. కాని పద్ధతి నిలిచింది.

ఆ పద్ధతికి ఇల్లు కట్టినట్టుగా తరమణిలో 2010లో రీసెర్చ్ పార్కు తెరిచారు. విశ్వవిద్యాలయాన్ని అంటిపెట్టుకున్న ఇటువంటిది మన దేశంలో అదే మొదటిది. అందులో అద్దెకు దిగే కంపెనీకి ఒక షరతు ఉంది. విద్యార్థులకు పని ఇవ్వడం, అధ్యాపకులతో పరిశోధన చేయించడం వంటి వాటితో అది ఏటా మార్కులు సంపాదించాలి. కంపెనీలకు కూడా మార్కులు పెట్టిన పంతుళ్ళను చూస్తే నాకు సరదాగా ఉంటుంది. అంతకు రెండేళ్ళ ముందే, 2008లో, ఏ శాఖవాడైనా వచ్చి పనిముట్టు పట్టుకోగల వర్క్‌షాపు విద్యార్థుల చేతికి వచ్చింది. ఇక్కడ చదివిన ఇద్దరు కుర్రాళ్ళు 2013లో ఏథర్ విద్యుత్ స్కూటర్ల సంస్థ పెట్టారు. 2017లో పుట్టిన అగ్నికుల్ తన రాకెట్టును 2024 మే 30న శ్రీహరికోట నుంచి ఎగరేసింది. ఒకప్పుడు కట్టెల పడవలు మా ఊరివైపు బయలుదేరిన దీవి అదే.

ఇక భాష సంగతి. అదే ఐ.ఐ.టి.లో ఎ.ఐ.ఫర్‌భారత్ అనే బృందం ఉంది. 2022 జూలైలో నీలేకని దంపతుల 36 కోట్ల రూపాయల సాయంతో దానికి ఒక కేంద్రం ఏర్పడింది. 2023లో అది రాజ్యాంగం గుర్తించిన 22 భాషల మధ్య అనువదించే యంత్రాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. దాన్ని స్థాపించినవారిలో ఒకరైన ప్రత్యూష్ కుమార్ ఆ సంవత్సరమే వివేక్ రాఘవన్‌తో కలిసి సర్వం అనే కంపెనీ పెట్టారు. ఈసారి భాష చివరి మెట్టు కాదు, పునాది. వాక్యాలు అనువదించి, సరిచూసి ఇచ్చే మనుషులు లేకపోతే యంత్రానికి నేర్పడానికి ఏమీ లేదు. వందకు పైగా జిల్లాల్లో తిరిగి మాటలు రికార్డు చేయించారు కూడా.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ మాండలిక వృత్తిపదకోశం కోసం కూడా మనుషులు ఊరూరా తిరిగారు. రైతు నోటి మాటను రైతు చెప్పినట్టే రాసుకోవడం ఎలాగో మన భాషాశాస్త్రవేత్తలకు అప్పటికే తెలుసు. "వచ్చాడు", "వచ్చినాడు", "అచ్చిండు" మూడూ తెలుగేననీ, ఏదీ తప్పు కాదనీ యంత్రానికి ఎవరు చెప్పాలి? ఎన్నూరు తెలుగువాడు తమిళం కలిపి మాట్లాడే వాక్యంలో ఏది అరువో, ఏది ఇప్పుడతని సొంత మాటో ఎవరు తేల్చాలి? ఆంధ్ర, తెలంగాణల వెలుపల పెరిగి, రెండు భాషల నడుమ రోజూ మసలే మీవంటివారికి ఇది పుస్తకంలో చదివే విషయం కాదు.

కుర్రవాడికి చెప్పినది ఇదే. ఇంకొకటీ చెప్పాను. స్నేహితుడితో చేరే ముందు పట్టాభిరామశాస్త్రి కథ గుర్తుంచుకుని, నీ పేరూ నీ వాటా కాగితం మీద రాయించుకో అన్నాను. నవ్వాడు గాని రాయించుకున్నాడట.

ఇద్దరూ ఇప్పుడు కాలువ పడవల మాటలు సేకరిస్తున్నారు. మొదట కూర్చోబెట్టింది ఇతని తాతనే. గెడ, చుక్కాని, తెరచాప, లాకు, సరంగు. పదమూడు నిమిషాల రికార్డును ఉన్నది ఉన్నట్టు రాయడానికి రెండు రోజులు పట్టింది. రెండు చోట్ల ముసలాయన అన్నది తెలుగో తమిళమో తేలక, ఆ ఫోను పట్టుకుని మొన్న ఆదివారం మా ఇంటికి వచ్చారు. ఒకటి తేలింది. రెండోది నాకూ తేలలేదు.