రావులపాలెం: గ్రామీణ పర్యటన

రావులపాలెం డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో, గౌతమి, వశిష్ఠ గోదావరి పాయల నడుమ, 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. కోనసీమ ముఖద్వారంగా, అరటి మార్కెట్టుకు ప్రసిద్ధి. డెల్టా పల్లెల సంస్కృతిని చూడగోరేవారు ఇక్కడినుంచి బయలుదేరవచ్చు.

ఆత్రేయపురం: పూతరేకులనే మిఠాయికి పేరున్న ఊరు. పొయ్యిపై బోర్లించిన కుండ మీద, పల్చటి బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను పరచి తీస్తే క్షణాల్లో రేకు వస్తుంది. ఎక్కువగా మహిళలే నిలిపిన ఈ మిఠాయికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ర్యాలి: ఇక్కడి ఆలయంలోని ఏకశిలా విగ్రహంలో ముందు కేశవుడు, వెనుక జగన్మోహిని.

జగ్గన్నతోట: కనుమనాడు పరిసర గ్రామాల ఏకాదశ రుద్రుల (పదకొండు శివరూపాల) ప్రభలు, అంటే అలంకరించిన ఎత్తైన వాహనాలు, ఇక్కడ కొలువుదీరతాయి. భక్తులు వాటిని భుజాలపై మోస్తూ, కొన్నింటిని కౌశిక కాలువ దాటిస్తారు.

పెద్ద పర్యాటక కేంద్రాల్లో కానరాని పనితనం, ఆచారం, ఆతిథ్యం ఈ పల్లెల్లో నిత్యజీవితంగా సాగుతున్నాయి.