జాన్ గే ప్రచురిత రచనలు

జాన్ గే (1685–1732) పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిషు కవి, నాటకకర్త. 'ది బెగ్గర్స్ ఒపెరా' అనే సంగీత నాటకం ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చింది. 1708లో మొదలై, ఆయన పోయిన తరువాత కూడా 1754 దాకా వెలువడుతూ వచ్చిన రచనల్లో కావ్యాలు, నీతికథలు, ప్రహసనాలు, ఒక విషాద నాటకం ఉన్నాయి. ఘనమైన సాహిత్య రూపం ఒకదాన్ని ఎన్నుకుని అందులో పొలంగట్టునో, బురద వీధినో, జైలునో వర్ణించడం గే వ్యంగ్యానికి మూలం. ఆయన జీవితమంతా రాజాస్థానంలో కొలువు కోసం ఎదురుచూశాడు. తిండి పెట్టింది మాత్రం పుస్తకాలు కొన్నవారూ, నాటకశాలకు టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవారూ.

తొలి రచనలు

డెవన్ ప్రాంతంలోని బార్న్‌స్టపుల్‌లో పుట్టిన గే చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. లండన్‌లో ఒక పట్టుబట్టల వర్తకుడి దగ్గర కొంతకాలం పని నేర్చుకుని, అది వదిలి రచనలోకి దిగాడు. తొలి కావ్యం 'వైన్' 1708లో వచ్చింది. మిల్టన్ ఇతిహాసానికి వాడిన ప్రాసలేని గంభీర ఛందస్సులో గే ద్రాక్షసారాయి మహిమను కీర్తించాడు. 1711లో 'ది ప్రెజెంట్ స్టేట్ ఆఫ్ విట్' అనే చిన్న పుస్తకంలో ఆనాటి లండన్ పత్రికలను సమీక్షించాడు. 1712 నాటి 'ది మోహాక్స్' రాత్రిపూట వీధుల్లో దౌర్జన్యం చేసే ఆకతాయి మూకల మీద ప్రహసనం. అది అచ్చయింది కాని రంగస్థలం ఎక్కలేదు. 1713లో 'రూరల్ స్పోర్ట్స్' కావ్యాన్ని అలెగ్జాండర్ పోప్‌కు అంకితమిచ్చాడు. అదే ఏడాది ప్రదర్శించిన 'ది వైఫ్ ఆఫ్ బాత్' నాటకం దెబ్బతింది.

పల్లె, పట్నం

పోప్, స్విఫ్ట్, వైద్యుడు ఆర్బత్‌నాట్‌లతో కలిసి గే 'స్క్రిబ్లెరస్ క్లబ్' సభ్యుడయ్యాడు. పోప్‌కు, మరో కవి ఆంబ్రోస్ ఫిలిప్స్‌కు మధ్య గోపకావ్యాల విషయంలో వైరం నడుస్తోంది. ఆ వైరంలో పోప్ పక్షాన రాసిందే 'ది షెపర్డ్స్ వీక్' (1714). సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి చొప్పున ఆరు పద్యాలు. వేణువులూదే గొల్లల స్థానంలో ఇందులో వెన్న చిలికే, పందులకు కుడితి పోసే ఆడవాళ్లు కనిపిస్తారు. ఎగతాళికని రాసినా, పాఠకులు అందులో అసలైన పల్లెటూరును చూసి మెచ్చుకున్నారు. అయితే దాన్ని అంకితం పుచ్చుకున్న మంత్రి బోలింగ్‌బ్రోక్ ఆ ఏడాదే ఆన్ రాణి మరణంతో అధికారం కోల్పోయాడు. కొత్త రాజవంశం గేను చేరదీయకపోవడానికి ఆ అంకితమే కారణమని మిత్రులు భావించారు.

'ట్రివియా' (1716) లండన్ వీధుల్లో నడిచే కళను మూడు భాగాల్లో బోధిస్తుంది. నడకకు కావలసిన సరంజామా మొదటి భాగం, పగటి నడక రెండోది, రాత్రి నడక మూడోది. వ్యవసాయం మీద వర్జిల్ రాసిన లాటిన్ కావ్యపు ఫక్కీలో, ఎలాంటి చెప్పులు కొనాలో, వాన రాకడ ఎలా పసిగట్టాలో, గోడవారగా నడిచే హక్కు ఎవరికి వదలాలో చెబుతాడు. ఒకచోట బుట్ట భుజాన పెట్టుకున్న మనిషి గుంపులో నడుస్తుంటాడు. ఆ బుట్టలో దాక్కున్న కుర్రాడు చేయి చాచి పక్కవాడి తల మీది ఖరీదైన విగ్గును లాగేస్తాడు. అప్పటి లండన్ దైనందిన జీవితం తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ ఈ కావ్యాన్ని తిరగేస్తారు.

చందాల సంపుటం

1717లో పోప్, ఆర్బత్‌నాట్‌లతో కలిసి రాసిన 'త్రీ అవర్స్ ఆఫ్టర్ మ్యారేజ్' ప్రహసనంలో ప్రియులిద్దరు ఒకరు మమ్మీ వేషంలో, ఒకరు మొసలి వేషంలో ఒక శాస్త్రజ్ఞుడి ఇంట్లో దూరతారు. ఏడు రోజులాడి ఆగిపోయింది. హాండెల్ సంగీతం కూర్చిన 'ఏసిస్ అండ్ గలాటియా' (1718) పాఠంలో ప్రధాన భాగం గేదే. 1720లో ముందుగా చందాలు కట్టించుకుని రెండు సంపుటాలుగా వేసిన 'పోయమ్స్ ఆన్ సెవరల్ అకేషన్స్' సుమారు 1,000 పౌండ్లు తెచ్చింది. ఆ డబ్బును సౌత్ సీ కంపెనీ షేర్లలో పెట్టాడు. అదే ఏడాది షేర్లు కుప్పకూలాయి.

నీతికథలు

1727లో బాల యువరాజు విలియం కోసం 50 కథలతో 'ఫేబుల్స్' ప్రచురించాడు. చివరి కథలో వేటకుక్కలు తరుముతున్న కుందేలు తన స్నేహితులను వరసగా ఆశ్రయిస్తుంది. గుర్రం, ఎద్దు, మేక, గొర్రె, దూడ తలా ఒక సాకు చెప్పి తప్పుకుంటాయి. ఆ ఏడాదే ఆస్థానం గేకి రెండేళ్ల రాకుమారి దగ్గర పరిచారక పదవి ఇవ్వజూపింది. అవమానంగా భావించి ఆయన తిరస్కరించాడు.

'ది బెగ్గర్స్ ఒపెరా'

న్యూగేట్ జైలు నేపథ్యంగా గోపకావ్యం ఎవరైనా రాస్తే బాగుంటుందని స్విఫ్ట్ 1716లోనే ఒక ఉత్తరంలో సూచించాడు. అది నాటకమై 1728 జనవరి 29న జాన్ రిచ్ నడిపే లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ నాటకశాలలో రంగస్థలం ఎక్కింది. తెర లేచేసరికి పీచమ్ తన పద్దుల పుస్తకం ముందు కూర్చుని ఉంటాడు. దొంగసొత్తు కొనడం, రాబడి తగ్గిన దొంగలను పట్టిచ్చి బహుమతి పుచ్చుకోవడం అతని వ్యాపారం. ఎవరిని ఉరికి పంపితే లాభమో పద్దు చూసి తేలుస్తాడు. ఇలాంటి వ్యాపారమే చేసి 1725లో ఉరికెక్కిన జొనథన్ వైల్డ్ ఈ పాత్రకు నమూనా. ప్రేక్షకులకు మాత్రం ప్రధాని రాబర్ట్ వాల్పోల్ కూడా అందులో కనిపించాడు. ఇటాలియన్ ఒపెరా కృతుల బదులు గే జనం నోళ్లలో నానిన బాణీలకు 69 పాటలు కట్టాడు. మొదటి సీజన్‌లోనే 62 ప్రదర్శనలు నడిచాయి. రచయిత వాటా సుమారు 700 పౌండ్లు. ఈ నాటకం గేను రిచ్‌ను, రిచ్‌ను గేను చేసిందని లండన్‌లో చమత్కరించారు: ఇంగ్లిషులో గే అంటే ఉల్లాసి, రిచ్ అంటే ధనికుడు.

'పాలీ' నిషేధం

కథను వెస్టిండీస్‌కు తీసుకువెళ్లిన రెండో భాగం 'పాలీ' ప్రదర్శనను 1728 చివర్లో ప్రభుత్వం నిషేధించింది. గే దాన్ని 1729లో పుస్తకంగా అచ్చు వేయించాడు. చందాలు పోగుచేసినందుకు క్వీన్స్‌బరీ డచెస్‌కు ఆస్థాన ప్రవేశం రద్దయింది. దొంగ ముద్రణలు పుట్టుకొచ్చాయి, గే కోర్టుకెక్కి ఆపించాడు. ఆడిన నాటకం మీద కంటే ఆడనివ్వని నాటకం మీదే ఎక్కువ రాబడి వచ్చింది: 1,000 పౌండ్లకు పైగా. 'పాలీ' రంగస్థలం ఎక్కింది 1777లో.

మరణానంతర ప్రచురణలు, ప్రభావం

గే 1732 డిసెంబరు 4న మరణించాడు. మూడు రోజుల తరువాత రిచ్ కట్టించిన కొత్త కోవెంట్ గార్డెన్ నాటకశాల తెరుచుకుంది. 'అకిలీజ్' 1733లో, మరో 16 నీతికథలు 1738లో, 'ది డిస్ట్రెస్డ్ వైఫ్' 1743లో, 'ది రిహార్సల్ ఎట్ గోథమ్' 1754లో అచ్చయ్యాయి. నాటకాలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ వాల్పోల్ 1737లో తెచ్చిన చట్టం వెనుక గే మొదలుపెట్టిన రాజకీయ వ్యంగ్యపు ఒరవడి కూడా ఒక కారణం. ఆ సెన్సారు 1968 దాకా కొనసాగింది.

1928లో బెర్లిన్‌లో బ్రెష్ట్, కుర్ట్ వైల్ 'ది బెగ్గర్స్ ఒపెరా'ను 'త్రీపెన్నీ ఒపెరా'గా మలిచారు. దాని ఆధారంగా పు.ల. దేశ్‌పాండే మరాఠీలో 'తీన్ పైశాచా తమాషా' రాశాడు. బెర్లిన్ నాటకానికి వైల్ సంగీతమంతా కొత్తగా కూర్చినా పాత బాణీ ఒక్కటి ఉంచాడు. అది పద్దుల పుస్తకం ముందు పీచమ్ పాడే మొదటి పాట.