బియ్యం బజారులో పుట్టిన చార్టు

మార్కెట్ సాఫ్ట్‌వేర్‌లో వేలితో జరుపుతూ, పెద్దది చేస్తూ చూసే క్యాండిల్‌స్టిక్ చార్టు కంప్యూటర్ సృష్టి కాదు. దాని మూలాలు జపాన్ బియ్యం వర్తకంలో ఉన్నాయి. ఒసాకాలోని దోజిమా బజారుకు అప్పటి సైనిక ప్రభుత్వమైన షోగునేట్ 1730లో అధికారిక గుర్తింపు ఇచ్చింది. అక్కడ చేతులు మారినవి బస్తాలు కావు, గిడ్డంగి రసీదులు. రాబోయే తేదీలకూ బేరాలు సాగేవి. సరుకు కంటికి కనబడని చోట వర్తకుడికి ఆధారం ధర ఒక్కటే. అందుకే ధర కదలికను రాసిపెట్టుకోవాల్సిన అవసరం బలపడింది. ఈ చార్టును సకాతా పట్టణానికి చెందిన వర్తకుడు హొమ్మా మునెహిసా కనిపెట్టాడని చాలామంది చెబుతారు. ఆయన గొప్ప వ్యాపారే. అయినా ఇప్పటి రూపం ఆ తర్వాత, మెయిజీ చక్రవర్తి కాలంలో వచ్చి ఉంటుందన్న, ఈ చార్టులపై పుస్తకాలు రాసిన స్టీవ్ నిసన్ అభిప్రాయమే నాకు నమ్మదగినదిగా తోస్తుంది. ఇలాంటి పనిముట్టును ఒక్కరి మేధ కన్నా బజారు అవసరమే తీర్చిదిద్దుతుంది.

మరి సాఫ్ట్‌వేర్ కొత్తగా చేసిందేమీ లేదా అని అడగవచ్చు. తప్పకుండా ఉంది. నిమిషం, రోజు, వారం అంటూ కాలవ్యవధిని క్షణంలో మార్చి చూడటం చేతిగీతకు సాధ్యమయ్యేది కాదు. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కంప్యూటర్ తెరపై లావాదేవీలు ప్రారంభించాక మన దేశంలోనూ ధరల లెక్క సులువుగా అందుబాటులోకి వచ్చింది. కానీ మారింది గీసే వేగం, చూసేవారి సంఖ్య. ఒక్కో క్యాండిల్ చెప్పేది మాత్రం ప్రారంభం, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు అనే నాలుగు ధరలే. అవన్నీ జరిగిపోయిన బేరాలవి.