కరెంటు తీగ మీద కబురు



బళ్లారి కానివ్వండి, బరంపురం కానివ్వండి, ఊరి బయట పెద్ద సబ్‌స్టేషన్ పక్కగా వెళ్లినప్పుడు తలెత్తి చూసే ఉంటారు. హై ఓల్టేజి లైను లోపలికి వచ్చే చోట పీపా ఆకారంలో లావాటి తీగచుట్ట ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. దాని పేరు వేవ్ ట్రాప్. ఇళ్లలోని దీపాలను తీగ మీది సంకేతంతో వెలిగించాలని మనిషి పడ్డ పాట్లు ఈ పూట చెప్పుకుందాం. ఆ కథ అర్థం కావాలంటే ఈ పీపా దగ్గరే మొదలుపెట్టాలి.

పవర్‌హౌస్‌లో ఉన్నవారు దూరాన ఉన్న సబ్‌స్టేషన్‌తో మాట్లాడాలి. అందుకు వేరే టెలిఫోను తీగ లాగడమంటే ఖర్చు. కాబట్టి 1920ల నుంచే ఇంజనీర్లు కరెంటు తీగ మీదే మాటను కూడా పంపడం నేర్చారు. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. మాటను మోసే తరంగం వేల సార్లు, లక్షల సార్లు ఊగుతుంది. రెండూ ఒకే తీగ మీద వచ్చినా చివర వేరు చేయవచ్చు. చిక్కల్లా ఒక్కటే. ఆ తరంగం సబ్‌స్టేషన్‌లోని యంత్రాల్లోకి, పక్క లైన్లలోకి పారి వృథా అయిపోతుంది. వేవ్ ట్రాప్ కరెంటును పోనిచ్చి, తరంగాన్ని మాత్రం ఆపుతుంది. మడికి నీళ్లు పెట్టే రైతుకు ఇది కొత్త కాదు. మోటారు ఎంత పెద్దదైనా, పక్క కాలువకు అడ్డుకట్ట వేయకపోతే చివరి మడి తడవదు.

ఈ ఉపాయమే యాభై ఏళ్ల తరువాత ఇంటి గోడల్లోకి వచ్చింది. స్కాట్‌లాండ్‌లోని గ్లెన్‌రోథెస్ పట్టణంలో పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ కాలిక్యులేటర్ చిప్పులు తయారుచేసేది. ఆ సంస్థ తన ప్రయోగాలకు వరుసగా అంకెలు వేసుకునేది. 1975లో మొదలైన పదో ప్రయోగమే ఎక్స్-10. 1978లో అది అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. గోడలు తవ్వకుండా, కొత్త తీగ లాగకుండా మంచం పక్కనుంచే వీధి దీపం వెలిగించవచ్చు. లేవలేని మనిషికి అదెంత ఆసరాయో మీరే ఊహించండి.

దాని పనితీరు చూడండి. కరెంటు ఊగుతూ ఊగుతూ సున్నాను దాటే క్షణంలో తీగ కాస్త నిశ్శబ్దంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడు, సెకనులో వెయ్యో వంతు కాలం పాటు 120 కిలోహెర్ట్జ్ తరంగం పంపుతారు. అలా 256 పరికరాలకు వేర్వేరు చిరునామాలు ఇవ్వవచ్చు. అయితే ఆజ్ఞ అందిందో లేదో తిరిగి చెప్పే ఏర్పాటు మొదటి పరికరాల్లో లేదు. దీపం వెలగకపోతే పంపినవాడికి తెలిసే దారి లేదు.

వెలగని రోజులు చాలానే వచ్చాయి. అమెరికా ఇంటికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 120 వోల్టుల తీగలు రెండు వస్తాయి. సగం గదులు ఒకదాని మీద, సగం గదులు రెండోదాని మీద ఉంటాయి. ఒక తీగ మీది సంకేతం రెండోదాన్ని చేరాలంటే బయటి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి రావాలి. వచ్చేసరికి నీరసించిపోతుంది. అందుకే ఒక వింత జరిగేది. వంటింట్లో 240 వోల్టుల పొయ్యి వెలిగిస్తే, అంతవరకూ పలకని దీపం పలికేది! పొయ్యిలోని తీగ రెండు లైన్ల మధ్య వంతెన అయ్యేది మరి. ఆ వంతెననే చిన్న కెపాసిటరుతో శాశ్వతంగా కట్టారు. దానికి కప్లర్ అని పేరు. పెద్ద ఇళ్లలో, విన్న ఆజ్ఞను బలంగా మళ్లీ పలికే రిపీటర్ పెట్టారు.

తరువాత కంప్యూటర్లు, కొత్త టీవీలు వచ్చాయి. వాటి పవర్ సప్లైలు కొన్ని సంకేతాన్ని మింగేశాయి. కొన్ని తీగంతా రొద నింపాయి. దొంగను పట్టే పద్ధతి సులువే. ఒక్కొక్క ప్లగ్గూ తీస్తూ, ఏది తీసినప్పుడు దీపం పలికిందో చూడాలి. ఆ పరికరానికి ప్లగ్గులోనే ఫిల్టర్ తగిలించాలి. గమనించారా? ఆ ఫిల్టర్ మన సబ్‌స్టేషన్ పీపాకు మనవడే. ప్లగ్గులు తీసి చూడడం ఎవరైనా చేయవచ్చు గానీ, కప్లర్ బిగించడం మాత్రం పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేయాల్సిందే.

2005లో వచ్చిన ఇన్‌స్టియాన్‌లో ప్రతి పరికరమూ విన్న కబురును పక్కదానికి అందిస్తుంది. తీగతోపాటు రేడియోనూ వాడుతుంది. ఇటలీలో ఎనెల్ సంస్థ 2001 నుంచి సుమారు 3 కోట్ల మీటర్ల లెక్కలను కరెంటు తీగ మీదే సేకరించే ఏర్పాటు చేసింది.

ఈ కథ మనకు చెప్పే సంగతి ఒక్కటే. తీగను వేసింది కరెంటు కోసం. కబురు దాని మీద ఎక్కిన చుట్టం. చుట్టం గొంతు పెంచినంత మాత్రాన పని కాదు. దారిలో వంతెన ఉండాలి, పక్కదారులకు అడ్డుకట్ట ఉండాలి. ఈసారి సబ్‌స్టేషన్ పక్కగా వెళ్లినప్పుడు ఆ పీపా వైపు ఒక్కసారి చూడండి.