టొరాంటో ఇన్సులిన్, మన పొట్టలు

"షుగరా? లేదండీ, మొన్నే టెస్టు చేయించా, అంతా నార్మలే" అనేవాళ్ళు మన పాట్‌లక్కుల్లో బోలెడుమంది కనిపిస్తారు. ఆ నార్మల్‌ని నిలబెట్టడానికి ఒంట్లో ఇన్సులిన్ ఎంత ఖర్చవుతోందో ఆ రిపోర్టులో ఉండదు. ఈ సంగతి డాక్టర్లకే సరిగ్గా బోధపడటానికి అరవై ఏళ్ళు దాటింది. కథ మొదలైంది మాత్రం మా టొరాంటోలోనే.

1921 వేసవిలో బాంటింగ్ అనే కుర్ర సర్జనూ, బెస్ట్ అనే విద్యార్థీ టొరాంటో యూనివర్సిటీలో మెక్లియాడ్ ప్రొఫెసరు గారి ల్యాబులో కుక్కల మీద ప్రయోగాలు మొదలెట్టారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రాడికి క్లోమం నుంచి తీసిన మందు ఇస్తే పెద్దగా పనిచెయ్యలేదు, మలినాలు ఎక్కువ. కాలిప్ అనే బయోకెమిస్టు శుద్ధి చేసిన మందు 23న ఇస్తే షుగరు దిగింది. అంతకుముందు ఇలాంటి పిల్లలకి ఉన్న వైద్యం ఒక్కటే, కడుపు మాడ్చడం! ఈ కుర్రాడు ఇంకో 13 ఏళ్ళు బతికాడు. పేటెంటుని యూనివర్సిటీకి తలా ఒక డాలరుకి అమ్మేశారు. 1923లో నోబెల్ బాంటింగ్‌కీ మెక్లియాడ్‌కీ వస్తే, బాంటింగ్ మండిపడి తన వాటాలో సగం బెస్ట్‌కి ఇచ్చాడు, మెక్లియాడ్ కాలిప్‌కి ఇచ్చాడు. క్రెడిట్ తగాదాలు మన ప్రాజెక్టుల్లోనే అనుకుంటాం గానీ... అన్నట్టు బాంటింగ్ పుట్టినరోజు నవంబరు 14. మనకి బాలల దినం, ప్రపంచానికి మధుమేహ దినం.

ఈ విజయం ఎంత గొప్పదంటే, షుగరు జబ్బంటే ఇన్సులిన్ లేకపోవడమే అని అందరి బుర్రల్లో స్థిరపడిపోయింది. 1936లో ఇంగ్లండులో హిమ్స్‌వర్త్ అనే డాక్టరు రోగులకి గ్లూకోజూ ఇన్సులిన్ కలిపి ఇచ్చి చూశాడు. కొందరికి షుగరు పెరగలేదు, కొందరికి ఇన్సులిన్ ఇచ్చినా పెరిగింది. అంటే రెండోరకం వాళ్ళ ఒళ్ళు ఇన్సులిన్ మాట వినడం లేదన్నమాట. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రక్తంలో ఇన్సులిన్‌ని కొలిచే పద్ధతే లేదాయె. 1960లో న్యూయార్కులో రోజలిన్ యాలో, బెర్సన్ ఆ కొలత సాధించి చూస్తే, పెద్దవయసులో షుగరొచ్చిన చాలామందిలో ఇన్సులిన్ తక్కువ కాదు, ఎక్కువే ఉంది! 1988లో బాంటింగ్ పేరు మీదిచ్చే ఉపన్యాసంలోనే స్టాన్‌ఫర్డ్ రీవెన్ చెప్పాడు: ఒళ్ళు మొరాయిస్తే క్లోమం ఇన్సులిన్ ఇంకా గుమ్మరిస్తుంది, షుగరు ఏళ్ళ తరబడి నార్మల్‌గానే ఉంటుంది, ఈలోపు ట్రైగ్లిజరైడ్లూ బీపీ పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. మన భాషలో చెప్పాలంటే సైటు వేగం బాగానే ఉంది, వెనకాల సర్వర్లు మూడింతలయ్యాయి. ఆయన దానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నాం. ఆయన జాబితాలో ఊబకాయం లేదు, సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది కాబట్టి.

ఇక్కడే మనం కథలోకొస్తాం. హామిల్టన్, టొరాంటో, ఎడ్మంటన్‌లలో ఉన్న దక్షిణాసియా, చైనా, యూరప్ మూలాలవాళ్ళని మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి చెందిన సోనియా ఆనంద్, సలీం యూసఫ్ బృందం పరీక్షించి 2000లో ప్రచురించింది. గుండెజబ్బుల్లో మనమే ఫస్టు. ఆ పరిశోధన నుంచే 2007లో ఇంకో లెక్క వచ్చింది: యూరోపియన్లలో బీఎంఐ 30 దగ్గర కనిపించే షుగరు తీరు మనవాళ్ళలో 21 దగ్గరే కనిపిస్తుందిట. 21 అంటే చార్టులో ఆకుపచ్చ రంగులో, నడిమధ్యన ఉండే అంకె. ఆ చార్టు మనల్ని చూసి గీసింది కాదు మరి.

అలాగని రేపే ఇన్సులిన్ టెస్టుకి పరిగెత్తక్కర్లేదు. మెటబాలిక్ సిండ్రోమ్ తేల్చడానికి ఆ అంకె వాడరు. నడుము కొలత, ట్రైగ్లిజరైడ్లు, మంచి కొలెస్ట్రాల్, బీపీ, పరగడుపు షుగరు, ఈ అయిదింట్లో మూడు తేడాగా ఉంటే ఉన్నట్టే. (ఇంటి నుంచి ఫోన్లో 110 అని చెబితే 18తో భాగించుకోండి, ఇక్కడి లెక్కలో 6.1.) నడుముకి మాత్రం మనకి వేరే గీత ఉంది: మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80. ప్యాంటు సైజు చూసి 34 కదా అనుకోకండి, మనం బెల్టు పెట్టేది పొట్ట కింద. టేపు పెట్టాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక.