ఫైరిష్ కమానులు, నోవర్ వారి దాతృత్వము

స్కాట్లండులోని మా ఎవాంటన్ గ్రామమునకు పైన, క్రోమర్టీ సముద్రశాఖలో పోవు పడవలవారికి సయితము ఆకాశపుటంచున కానవచ్చు ఫైరిష్ కొండ కమానులను గూర్చి పెద్దలు చెప్పుచు, స్థలచరిత్రకారులు వ్రాయుచు వచ్చిన కథ యొకటి కలదు. నోవర్ ప్రభువైన సర్ హెక్టర్ మన్రో, తాను 1781లో డచ్చివారినుండి గెలిచిన నాగపట్టణపు కోటద్వారమును పోలునట్లు, పనిలేని బీదలకు కూలి దొరకవలెనని 1782లో దీనిని కట్టించెననియు, రాత్రివేళ రాళ్లను పల్లమునకు దొర్లించి మరునాడు మరల మోయించి కూలిదినములను పెంచెననియు ఆ కథ.

పంట చెడిన ఆ యేట కూలి దొరకుట మేలే. దానిని నేను కాదనను. కాని నోటిమాటగా వచ్చిన రాళ్లకథను ఆధారముగా గొని ఆయనను దానకర్ణునిగా నిలుపు రచయితలు, సరిగా పదేండ్ల తరువాత ఆ ప్రభువు భూములందే జరిగినదానిని ఒక్క వాక్యమునైన వ్రాయకుండుట న్యాయము కాదు.

మన్రో కిల్డర్‌మోరీ పచ్చికబయళ్లను గొర్రెల పెంపకమునకై కామెరాన్ సోదరులకు కౌలుకిచ్చెను. తరతరములుగా అచ్చట పశువులను మేపుకొనిన స్ట్రాత్‌రస్‌డేల్ రైతుల పశువులను వారు బందెలదొడ్డిలో పెట్టగా, రైతులు బలిమిని విడిపించుకొనిరి. పిమ్మట 1792 వేసవిలో చుట్టుపట్ల జనులెల్ల కూడి, వేలకొలది గొర్రెలను రాస్‌షైరు సీమ దాటింపబూని దక్షిణముగా తోలుకొనివచ్చిరి. వారిని చెదరగొట్టుటకు వచ్చినది 42వ పటాలము. ఆ పటాలమునకు 1787 నుండి కర్నలు సర్ హెక్టర్ మన్రోయే! పట్టువడినవారిలో ఇద్దరికి ఇన్వర్నెస్ న్యాయస్థానము ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధింపగా, వారు చెరనుండి తప్పించుకొనిపోయిరి.

ఈ కాఠిన్యము ఆయనకు క్రొత్తది కాదు. 1764లో బక్సారు యుద్ధమునకు ముందు, తిరుగబడిన సిపాయీలను ఫిరంగుల నోట గట్టి పేల్పించినవాడాయనయే. 1780లో హైదరాలీకి వెరచి, కాంచీపురపు చెరువులో తన పెద్ద ఫిరంగులను త్రోయించి మద్రాసునకు మరలినవాడును ఆయనయే. నాగపట్టణపు జయమును మాత్రము రాతిలో నిలిపి, తక్కినవానిని మరుగుపరచుట కట్టించినవానికి తగును గాని, చరిత్ర వ్రాయువానికి తగదు.

నోవర్ వంశమున తరువాత టర్నరు చిత్రములను ప్రోగుచేసిన రసికుడును, 1914 నుండి 1920 వరకు ఆస్ట్రేలియాకు గవర్నరు జనరలుగా నుండిన రోనాల్డ్ మన్రో ఫెర్గూసనును వెలసిరి. వారి కీర్తి మన యూరికిని కీర్తియే. అయినను, 1782ను చెప్పిన నోటితోనే 1792ను చెప్పనివాడు మన సీమచరిత్రలో సగమే చెప్పినవాడు. నోవర్ భవనమునందు వసించినవారితోపాటు, దాని కౌలుదారుల గొర్రెలకొరకు పచ్చిక కోల్పోయిన స్ట్రాత్‌రస్‌డేల్ వారిని సయితము మన పూర్వులుగా ఎంచు చరిత్రనే మన పిల్లలు చదువవలెను.